ట్యూస్‌డే కాలేజ్ ఫ్రీ

లండన్ పక్కన హేస్‌లో విమానాలకు భోజనాలు సర్దే వంటశాలలో నా పని. ట్రేలో అన్నం గిన్నె, బన్ను, చెంచాల పొట్లం, ఏది ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టాలి. ఏడో తరగతితో ఆగిన చదువుకి ఇంతకన్నా ఏం వస్తుందిలే అనుకునేదాన్ని. అలాంటిది, తక్కువ జీతాల వాళ్లకు కాలేజీలో పసిపిల్లల సంరక్షణ కోర్సు ఫీజు లేకుండా చెబుతున్నారని తెలిసి వెళ్లి చేరాను. అది పూర్తిచేస్తే నర్సరీలో పని దొరుకుతుందట. ఈ ఐసుగడ్డ లాంటి గదిలో నిలబడే బాధ తప్పుతుంది, చుట్టూ పిల్లలుంటారు.

క్లాసు మంగళవారం. మా సూపర్‌వైజరుది పోలండ్. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ అంతంతమాత్రమే. ధైర్యం తెచ్చుకుని, "ట్యూస్‌డే కాలేజ్ ఫ్రీ సర్" అన్నాను. డబ్బు కట్టక్కర్లేని చదువు దొరికింది, ఆ రోజు నన్ను వదిలెయ్యండని నా ఉద్దేశం. ఆయన ముఖం విప్పారింది. "వెరీ గుడ్, వెరీ గుడ్" అన్నాడు. ఎంత మంచి మనిషో అని మా ఆయనకు చెప్పుకుని మురిసిపోయాను.

తరవాత ఎవరికి ఏ రోజు షిఫ్టో రాసే రోటా గోడకు అంటించారు. మంగళవారాలన్నీ నాకే వేశాడు. ఆ రోజు నాకు కాలేజీ ఉండదు, ఖాళీగా ఉంటానని ఆయనకు అర్థమైందన్నమాట.

నా పక్కన ట్రేలు సర్దే తెనాలి ఆంటీ పగలబడి నవ్వింది. "ఫ్రీ, ఫ్రీ అని నువ్వే దండోరా వేసుకున్నావు గదే! ఆయనదేం తప్పు?"

"నవ్వకండి ఆంటీ. మీరన్నా వెళ్లి చెప్పండి."

ఆంటీ వెళ్లి చెప్పింది. రోటా మారదన్నాడాయన. వద్దంటే మిగతా షిఫ్టులు కూడా అడిగినవాళ్లకు ఇచ్చేస్తాడట.

"మానేస్తానంటే మానెయ్. ఫీజు కాలేజీ వాళ్లు మాఫీ చేశారు, ఇంటద్దె ఎవరు చేస్తారే?" అంది ఆంటీ. ఈసారి నవ్వలేదు.

వరసగా క్లాసులు పోయేసరికి కాలేజీలో నా సీటు ఇంకొకరికి ఇచ్చేశారు.

అయినా ఆశ చావక మా వీధిలోని నర్సరీకే వెళ్లి అడిగాను. ఆంటీ కోడలు ఒకప్పుడు ఏ సర్టిఫికెట్టూ లేకుండానే అక్కడ చేరింది. పిల్లలంటే ఇష్టమా అని అడిగారు, అంతే. ఇప్పుడలా కాదట. కోర్సు ఉచితమయ్యాక అందరూ అది చేసే వస్తున్నారు, లేనివాళ్లను తీసుకోవడం లేదు. పోనీ చేసినవాళ్లకు జీతం పెరిగిందా అంటే అదీ లేదు. ఆంటీ కోడలు కూడా ఆ తరవాత చేసింది, పాత జీతమే. నువ్వు కాకపోతే ఇంకొకరు అంటారట.

అక్కడి మేనేజరు చిన్నపిల్ల, మర్యాదగానే మాట్లాడింది. కోర్సుకి డబ్బు కట్టే పని లేదు కదా, మరెందుకు చెయ్యలేదని అడిగింది. జరిగిందంతా చెప్పాలంటే నాకున్న ఇంగ్లీషు చాలదు. సారీ అని వచ్చేశాను.

మర్నాడు ఆంటీ అడిగింది. "ఏమన్నారే?"

"వచ్చే ఏడు చూద్దామన్నారు ఆంటీ."

వాళ్లు ఆ మాట అనలేదు.