కుడి తుంటి, వెనక సీటు

నా కుడి తుంటి పక్కన నొప్పి మొదలైంది తొంభైల చివర్లో, శామీర్‌పేట బడిలో టీచరుగా చేరిన కొన్నేళ్ళకి. ఫలానా రోజున మొదలైందని చెప్పేవాళ్ళని నేను నమ్మను. చూసేసరికి అది ఉంది, అంతే. కుడివైపు తిరిగి పడుకోలేను. కాసేపు కూర్చుని లేస్తే కుంటాలి. మెట్టెక్కుతుంటే తుంటి ఎముక మీద ఎవరో బొటనవేలితో నొక్కిపట్టినట్టుండేది.

అప్పుడు మేం మేడ్చల్లో ఒక కొత్త కాలనీలో ఉండేవాళ్ళం. మావారి ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి కుటుంబమంతా ఒక్కసారే దిగాం. రెండు గదుల ఇల్లు. అత్తగారు, మామగారు, డిగ్రీ చదివే మరిది, మేమిద్దరం. మా గదికీ ముందు గదికీ మధ్య తలుపు లేదు, పూల కర్టెను ఉంది. కర్టెను మంచిదే, మాటల్ని మాత్రం ఆపదు. నేను గ్లాసు కింద పెడితే, "ఏం పడిందే అమ్మాయ్?" అని అటునుంచి వినిపించేది. అత్తగారు మంచావిడ. ఆవిడ చెవులు ఇంకా మంచివి.

మావారు పనిచేసే మందుల కంపెనీ శామీర్‌పేట దాటాక ఉండేది. పొద్దున్న నన్ను స్కూటరు మీద బడి దగ్గర దింపి వెళ్ళేవారు. సాయంత్రం ఆయనకి ఆలస్యమయ్యేది, నేను ఆటోలో వచ్చేదాన్ని. అంచేత మొగుడూ పెళ్ళాల్లా మాట్లాడుకోవడానికి మాకున్నది ఆ పొద్దుటి ప్రయాణమే. నేను కాళ్ళు రెండూ ఎడమవైపుకి వేసి, ఒంటిని మెలితిప్పి, కుడిచెయ్యి ఆయన భుజం మీద వేసి కూర్చునేదాన్ని. కాలనీ దాటేదాకా ఇద్దరం నోరు విప్పేవాళ్ళం కాదు. దాటామా, ద్రాక్షతోటల పొడుగునా ఒకటే కబుర్లు. మరిది పరీక్ష తప్పిన సంగతి, కంపెనీలో మేనేజరు చిరాకులు, పిల్లల్ని ఇప్పుడే కందామా ఇంకొన్నాళ్ళు ఆగుదామా, అన్నీ అక్కడే తేల్చుకున్నాం.

పోట్లాటలూ అక్కడే. రోడ్డు మీద పోట్లాడుకోవడంలో ఒక సుఖముంది. మొహం కనబడదు, గొంతు పెంచినా గాలికి పోతుంది, ఊరు రాగానే ఆపెయ్యాలి. ఒకసారి నేను ఏడ్చాను కూడా. ఆయన వేగం తగ్గించారు గానీ బండి ఆపలేదు. ఆపితే తెలిసినవాళ్ళెవరో వచ్చి పలకరిస్తారని ఇద్దరికీ తెలుసు.

నొప్పి సంగతి ఇంట్లో తెలిశాక వైద్యం మొదలైంది. అత్తగారు వావిలాకు కాచిన నీళ్ళు పోశారు. ఉప్పు మూటతో కాపడం పెట్టారు. "వాతమే అమ్మాయ్ ఇది, గోంగూర మానెయ్" అన్నారు. గోంగూర మానేశాను. నొప్పి అలాగే ఉంది, అన్నం మాత్రం సయించడం మానేసింది. మళ్ళీ మొదలుపెట్టాను, ఆవిడ ఎదురుగానే, రెండుసార్లు వడ్డించుకుని. బళ్ళో ఆయా కూడా ఊరుకోలేదు. "ఏంది మేడం, గట్ల కుంటుతున్నరు? జల్ది దవాఖానకు వోండ్రి. లేకుంటె మస్తు పరేషాన్ జేస్తది" అంది.

చివరికి సికింద్రాబాద్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన సరిగ్గా నొప్పి ఉన్నచోటే వేలితో నొక్కాడు. బల్ల మీంచి లేచిపోయాను. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. ఎముకకీ కండరానికీ రాపిడి లేకుండా మధ్యలో చిన్న నీటి సంచి ఉంటుందట. అది వాచిందట. బర్సైటిస్ అన్నాడు. వాతం కాదని అత్తగారితో చెప్పచ్చు గదా అని ముందు సంతోషించాను.

"బడికి ఎలా వెళ్తారమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"నా స్కూటరు మీదేనండీ. రోజూ నేనే దింపుతాను" అన్నారు మావారు, నేను నోరు తెరిచేలోపు. గొంతులో గర్వం కూడా ఉంది.

"పక్కకి తిరిగి కూర్చునా?"

"చీర కదండీ."

"గతుకుల రోడ్డు మీద నడుం తిప్పుకుని, బరువంతా ఒక తుంటి మీద వేసి రోజూ కూర్చుంటే, నేనెన్ని సూదులిచ్చినా దండగే. అటో కాలు ఇటో కాలు వేసుకుని కూర్చోండి. కాదంటారా, బస్సులో వెళ్ళండి" అన్నాడు డాక్టరు. తుంటిలోకి ఒక సూది గుచ్చి పంపించాడు.

అటో కాలు ఇటో కాలు వెయ్యాలంటే చుడీదార్ వేసుకోవాలి. వేసుకున్నాను, ఒక్కరోజు. అత్తగారు నన్ను కిందినుంచి పైదాకా చూసి ఏమీ అనలేదు. అంటే బాగుండును. బళ్ళో హెడ్మాస్టరు గారు పక్కకి పిలిచారు. "ఏమనుకోకుండ్రి మేడం. గీ డ్రెస్సు ఇంటికాడ మంచిగనే ఉంటది. బడికి లేడీస్ టీచర్లు చీరలనే రావాలె. రేపు ఊరోళ్ళొచ్చి అడిగితె నేనేం జెప్పాలె?" అన్నారు. ఆయన తుంటి బాగానే ఉంది కాబట్టి ఆయనతో వాదన పెట్టుకోలేదు. మర్నాడు మళ్ళీ చీర, మళ్ళీ పక్కకి తిరిగి కూర్చోవడం.

సూదిమందు ప్రభావం తగ్గాక నొప్పి తిరిగొచ్చింది. బస్సు మాత్రం ఎక్కలేదు నేను. "ఎలా ఉంది?" అని ఆయన అడిగితే, "ఫరవాలేదు" అనేదాన్ని. బస్సెక్కితే తుంటి బాగుపడుతుంది, నిజమే. మరి ఈ మనిషితో నేనెక్కడ మాట్లాడను? కర్టెను వెనకా? నొప్పి ఓర్చుకోవడం నాకు వచ్చు. రోజంతా నోరు మూసుకుని ఉండటమే రాదు. ఆ వెనక సీటు పోతే మా ఇద్దరికీ ఏం మిగులుతుందని నాకు భయంగా ఉండేది.

ఒకరోజు బడి దగ్గర దిగుతుంటే కాలు భూమ్మీద ఆనలేదు. స్టెప్నీ పట్టుకుని నిలబడిపోయాను. ఆయన చూశారు. నేను బడి గేటు దాటేదాకా ఆగి వెళ్ళిపోయారు. ఆ ఆదివారం ఇంటి ముందు కొత్త మోపెడ్ ఆగింది.

"నీకే. దీనిమీద చీరతోనే నిటారుగా కూర్చోవచ్చు. తుంటికి శ్రమ లేదు" అన్నారు. ఆయన మొహంలో అంత సంతోషం పెళ్ళినాడు కూడా చూడలేదు. అత్తగారు నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కట్టారు. కాలనీ ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఎంత మంచి మొగుడో అన్నారు. సరిగ్గానే అన్నారు. నాకు మాత్రం మనసు ఉసూరుమంది. వద్దనడానికి ఒక్క కారణం ఉంది, అది అంతమందిలో చెప్పేది కాదు.

ఆయనే నేర్పారు, కాలనీ వెనక ఖాళీ జాగాలో. నేర్చుకున్నాక పొద్దున్నే రెండు బళ్ళూ కలిసి బయల్దేరేవి. ఆయన ముందు, నేను వెనక. వానలు మొదలయ్యేసరికి నొప్పి చాలా తగ్గింది. మెట్లు ఎక్కగలుగుతున్నాను.

ఒకరోజు చెరువు దగ్గర ఆయన వేగం తగ్గించి నా పక్కకి వచ్చి ఏదో అన్నారు. ఇంజను చప్పుడులో వినబడలేదు. "ఆఁ?" అన్నాను. మళ్ళీ అన్నారు, ఈసారి నవ్వుతూ. వెనక లారీ హారను కొట్టింది. ఆయన ముందుకి వెళ్ళిపోయారు.

సాయంత్రం అడిగాను, "పొద్దున్న ఏదో అన్నారు, ఏమిటి?" అని. అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తారు. ఆయన ఒకసారి ఆవిడ వంక చూశారు.

"ఏం లేదు. బండి జాగ్రత్త అన్నాను" అన్నారు.

అది కాదని నాకు తెలుసు. అదేమిటో మాత్రం ఇవాళ్టిదాకా తెలియదు. తుంటి మళ్ళీ ఎప్పుడూ నొప్పి పెట్టలేదు.