రెండు హెడ్‌ఫోన్స్‌లోనూ మూగబోయిన ఎడమ పక్క

కల్లూరులో బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. పాటలంటే ప్రాణం. పోయిన ఏడాది మంచి హెడ్‌ఫోన్స్ కొందామని కర్నూలులో ఒక షాపుకు వెళ్లాను. రెండు వేలదీ, ముప్పై వేలదీ మార్చి మార్చి ఒకే పాట విన్నాను. ఖరీదైన దాంట్లో తబలా ఎంతో స్పష్టంగా ఉంది. కానీ రెండింట్లోనూ ఎడమ పక్క దాదాపు ఏమీ వినిపించలేదు.

"రెండూ సెడిపోయినవే ఇస్తాండావేమప్పా?" అని షాపాయన మీద కేకలేశాను. అందరూ నావైపే చూశారు.

ఆయన హెడ్‌ఫోన్స్ తీసి, అటుదిటు తిప్పి మళ్లీ నా చెవులకు పెట్టాడు. "ఇప్పుడు యా పక్క ఇనపడ్తాండాదన్నా?"

మళ్లీ కుడి పక్కే. కుడి చెవి మీద చెయ్యి పెట్టి చూపించాను.

"సెవి డాక్టరుకు సూపించుకో అన్నా" అన్నాడాయన మెల్లగా.

మిషన్ల మోతకు ఎడమ చెవి పోయిందని, ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. హెడ్‌ఫోన్స్ కొనలేదు. పని మానుకునే వీలూ లేదు. కుడి చెవైనా నిలుపుకుందామని, ఇప్పుడు చెవుల్లో ఇయర్ ప్లగ్గులు గట్టిగా పెట్టుకుని మిషన్ ముందు నిలబడుతున్నాను.