బొట్టు పెట్టిన సీసా

ల్యాబులో నాకు సూర్యుడంటే పడేది కాదు. గాజు గిన్నెల్లో నాడీ కణాలు పెంచి, వాటికి విటమిన్ ఎ నుంచి వచ్చే ఒక ఆమ్లం కలపడం నా పని. ఆమ్లంలో సత్తువ ఉంటే కణాలకి సన్నగా తోకలు మొలుస్తాయి. కానీ వెలుగు, వేడి, గాలి, ఏది సోకినా దాని సత్తువ పోతుంది. అందుకే సీసాలకి పులిహోర పొట్లంలా అల్యూమినియం రేకు చుట్టి, తలుపులేసుకుని, మసక ఎర్రలైటు కింద కుస్తీ పడేదాన్ని. అయినా తోకలు ఓసారి వచ్చేవి, ఓసారి వచ్చేవి కావు. "ఈసారి కూడా రాకపోతే టాపిక్ మార్చేద్దామమ్మా," అని మా పీహెచ్‌డీ గైడుగారు తేల్చేశారు. అంటే అప్పటిదాకా చేసిన చాకిరీ అంతా గంగపాలే.

ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయన. వెలుగు ఎంత ప్రమాదమో ఎవరు దొరికినా క్లాసు పీకేవారు.

ఆయుధపూజ రోజు నేనెక్కిన కూర్మన్నపాలెం బస్సు గాజువాక ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. ల్యాబుకి వెళ్లేసరికి మైక్రోస్కోపుకీ ఇంక్యుబేటరుకీ బొట్లు పెట్టేశారు. కిటికీ పక్క బల్ల మీద, నిండు ఎండలో, నా సీసా. ఒంటి మీద రేకు లేదు. కుంకుమ బొట్టుంది, నెత్తిన బంతిపువ్వుంది.

"రేకు ఎవులు తీసారక్కా?" అని గాజుసామాను కడిగే అక్కనడిగాను.

"సారే తీసారమ్మా. రేకు మీద బొట్టు నిలవడం నేదంట. ఏటి, ఏటైంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతలో గైడుగారే హారతి పళ్లెం నా ముందుకు తెచ్చారు. "ఈ సీసాతోనే చెయ్యమ్మా. తోకలు రాకపోతే నన్నడుగు," అన్నారు. హారతి పట్టుకున్న మనిషితో కెమిస్ట్రీ ఏం మాట్లాడతాం? కళ్లకద్దుకున్నాను.

ఆయన మాట కోసం ఒక గిన్నెలో పూజ సీసాలోది వేశాను. నా భయం కొద్దీ ఇంకో గిన్నెలో ఫ్రీజర్లో దాచుకున్న రెండో సీసాలోది వేశాను.

కణాలు చూసే రోజు ఆయన మొదటి గిన్నె మైక్రోస్కోపు కింద పెట్టుకుని చాలాసేపు వెతికారు. ఒక్క తోకా లేదు. "సరే, ఇక మార్చేద్దాం," అన్నారు నీరసంగా. నేను రెండో గిన్నె జరిపాను.

"అబ్బో, ఇంతింత పొడుగొచ్చాయే. దీనికేం చేశావు?"

"దీనికి మీరు బొట్టు పెట్టలేదు సార్."

ఆయన తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "ఆ మొదటి గిన్నె పారెయ్యకు. వెలుగు తగిలితే ఏమవుతుందో చూపించడానికి పనికొస్తుంది," అన్నారు.

"మరి టాపిక్ మారుద్దామన్నారు, సార్?"

"ఎవరన్నారు?" అన్నారు.