కాల్చని కొమ్మలు

బోరబండలో రైలెక్కి హైటెక్ సిటీలో దిగి, అద్దాల మేడల వెనక మిగిలిన అడవిముక్కలోకి పనికి వెళ్లడం రాజమ్మకు ఏళ్లనాటి అలవాటు. మొదట్లో లాంటానా పొదలు పెరికేది. ముళ్లు గీసుకుని చేతులు రక్తమోడినా, ఆ పొద కింద గడ్డిపోచ కూడా మొలవదని కళ్లారా చూసింది కాబట్టి జాలిపడేది కాదు.

వేపలకు తెగులు వచ్చినప్పుడే ఆమెకు చెయ్యాడలేదు.

వానాకాలంలో వేపకొమ్మల కొసలు మాడినట్టు ఎండిపోయేవి. చెట్ల తెగుళ్ల మీద పరిశోధన చేస్తున్న తేజస్విని, కర్నూలు నుంచి వచ్చి స్థిరపడిన ఇంటి పిల్ల, పనివాళ్లను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఎండిన చోటికి కాస్త దిగువన, పచ్చిగా ఉన్నచోట కొయ్యాలి. కోసినవన్నీ ఆ పూటే కాల్చెయ్యాలి. కింద వదిలేస్తే వాన చినుకులతో బూజు మళ్లీ చెట్టెక్కుతుంది.

రాజమ్మ కొయ్యడంలో లోపం చెయ్యలేదు. కాల్చమన్న దగ్గరే ఆగిపోయింది. వాళ్లింట్లో వేపపుల్ల పొయ్యిలో పెట్టరు. పిల్లలకు అమ్మవారు పోస్తే పక్కలో వేపమండలు పరిచి, తల్లి చల్లబడాలని మొక్కిన చేతులవి. అందుకే తన వంతు కొమ్మలను ఎవరూ చూడకుండా, ఆ అడవిముక్కలోనే ఉన్న మైసమ్మ గద్దె దగ్గరి పెద్దవేప కింద పేర్చి, కుంకుమ చల్లి వచ్చేది. అమ్మ సొమ్ము అమ్మకే అప్పజెప్పాననుకుంది. ఆ చెట్టుకు ఒక్క ఆకూ మాడకపోతే మురిసింది కూడా.

మరుసటి వానలకు పెద్దవేప కొసలన్నీ ఎండాయి.

తేజస్విని గద్దె చుట్టూ తిరిగి, కుళ్లిన ఆకుల్లోంచి కుంకుమ అంటిన పుల్ల ఒకటి తీసింది.

"ఇవి ఎవరు పెట్టినారు రాజమ్మక్కా?"

"నేనే బిడ్డా. అమ్మోరి చెట్టు గదా, అగ్గిల ఎట్లేస్తం?"

కోప్పడినా బాగుండేది. ఆ పిల్ల ఎండిన కొసనొకటి వంచి చూసింది. తెగులు పురుగులతోనూ వస్తుంది, గాలివానతోనూ వస్తుంది, వీటివల్లే అని తేల్చలేమంది. తర్వాత మెల్లగా, "ఈ మాట అప్పుడే నాతో చెప్పింటే, దూరంగా గుంత తవ్వి పూడ్పించేదాన్ని కదక్కా" అంది.

రాజమ్మకు ఆ మాటే గుచ్చుకుంది. పూడ్చడంలో ఏ దోషమూ లేదు. వాళ్లలో పోయిన మనుషులనూ మట్టికే ఇస్తారు. అడిగితే దొరికే దారి. చదువుకున్న పిల్ల నవ్విపోతుందని తనే అనుకుని, తనే నోరు మూసుకుంది.

పెద్దవేపను మోడుదాకా కొట్టి, మందు పూసి చూశారు. వానలు వెనకబట్టినా చిగురు రాలేదు. కొట్టిన కొమ్మలకు తేజస్విని గుంత తవ్వించి, మోయడానికి మగవాళ్లను పిలవబోతే రాజమ్మ వద్దంది. ఒక్కో కొమ్మనూ తనే మోసుకొచ్చి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు గుంతలో పెట్టింది. మట్టి కప్పి లేచేసరికి ఎండ నేరుగా మైసమ్మ గద్దె మీద పడుతోంది. అటు చూడలేక, పార భుజాన వేసుకుని వచ్చేసింది.