ప్రార్థనలో చెప్పిన ఊరు

మా మేనత్త ఇక లేదన్న కబురు నేను ఆఫీసులో ఉండగా వచ్చింది. పొద్దున చాయ్ తాగి కుర్చీలో వెనక్కి వాలిన మనిషి మళ్లీ లేవలేదని తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. నేను ఫోన్ పక్కన పెట్టి, ముందున్న ఫైలు పూర్తి చేశాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు. తర్వాత మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపు సగం ఆమె కోసం, సగం నేను చేసిన ఒక పని కోసం. అదేమిటో చెప్పుకుంటే తప్ప ఆమె గురించి నిజంగా రాసినట్టు కాదు.

మేనత్త ముప్పై ఏళ్లకు పైగా నర్సు. ఖమ్మం నుంచి భద్రాచలం అవతల అడవి దాకా ఆమె పనిచేయని ఊరు తక్కువ. ఎక్కడ పనిచేసినా ఒక స్నేహితురాలిని మిగుల్చుకుని వచ్చేది. రిటైరయ్యాక ఏటా చలికాలంలో ఆ స్నేహితులందరినీ వరసగా చూసి రావడం మొదలుపెట్టింది. ఒక సంచి, ఒక దిండు గలీబు, క్యాలెండర్ కాగితాల వెనక రాసుకున్న బస్సు టైములు. ఇరవై రోజులు, ఒక్కోసారి నెల. మామయ్య పోయాక ఒంటరిగా పంపడం ఖమ్మంలో మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేక, తోడు వెళ్లే పని నా నెత్తిన పడింది. మూడేళ్లు వెళ్లాను. నా లీవులన్నీ అలాగే కరిగిపోయాయి.

నిజం చెప్పాలంటే నాకు ఆ ప్రయాణాలు ఇష్టంగా ఉండేవి కావు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక సీటు దొరకడం మరీ కష్టమైంది. తెలియని ఇళ్లలో, తెలియని మంచాల మీద నాకు నిద్ర పట్టేది కాదు. ఆమె మాత్రం కిటికీకి తల ఆనించిన మరుక్షణం గురక పెట్టేది. ఏ ఇంటికి చేరినా చెప్పులు విడవగానే వంటింట్లోకి వెళ్లి కూరగాయలు ముందేసుకునేది. ఆ ఇంటావిడ వద్దంటుంటే, "కూసుంటే మాటలు రావు, చెయ్యి ఆడాలె" అనేది. రెండో రోజు సాయంత్రానికల్లా తర్వాతి ఊరికి బస్సు ఎన్నింటికో వాకబు మొదలయ్యేది.

బయలుదేరే ముందు ఆ ఇంటి పెద్ద ప్రార్థన చేసి సాగనంపాలి. మా క్రైస్తవ ఇళ్లలో ఇది మామూలే. మేనత్తకు మాత్రం దాంట్లో ఒక పట్టింపు ఉంది. ప్రార్థనలో ఏ ఊరి పేరు వస్తే ఆ ఊరికే వెళ్లాలి.

మొదటి ఏడాదే నాకది అనుభవమైంది. వేంసూరులో రిటైర్డ్ మాస్టారి ఇంటి నుంచి దమ్మపేట వెళ్లాల్సి ఉంది. ఆ పెద్దాయన కళ్లు మూసుకుని, అలవాటు కొద్దీ తన కూతురుండే నేలకొండపల్లికి మమ్మల్ని క్షేమంగా చేర్చమని ప్రభువును వేడుకున్నాడు. ఆమెన్ అన్నాక తప్పు తెలిసి నాలుక కరుచుకున్నాడు. మళ్లీ చేస్తానన్నాడు కూడా. మేనత్త ఒప్పుకోలేదు. "దేవునికి ఒక ఊరు చెప్పి ఇంకో ఊరు పోతమా?" అంది. వచ్చిన దారినే వెనక్కి తిరిగి, రెండు బస్సులు మారి నేలకొండపల్లి వెళ్లాం. తీరా చూస్తే ఆ అమ్మాయి పసిబిడ్డతో ఒంటరిగా, జ్వరంతో పడి ఉంది. మేనత్త మూడు రోజులుండి బిడ్డకు నీళ్లు పోసింది, తల్లికి గంజి కాచింది. ఇదంతా దేవుడి ఏర్పాటే అని ఆమె సంబరపడింది. నా నడుము మాత్రం దానికి ఒప్పుకోలేదు.

ప్రతి ప్రయాణంలోనూ చివరి మజిలీ ఒకటే. చర్ల రోడ్డులో బస్సు దిగి, అడవిలోకి నాలుగు కిలోమీటర్లు నడిస్తే వచ్చే కోయగూడెం. అక్కడొక ముసలావిడ ఉంది. మేనత్త ఆ గూడెంలో పనిచేసిన పదకొండేళ్లూ ఆమె ఆయాగా వెంట ఉండి, కాన్పులకు వాగులు దాటించింది. ఆమె దగ్గర మేనత్త వచ్చీరాని కోయ భాషలో మాట్లాడేది, ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. దారి పొడవునా ఎన్ని ఇళ్లు తిరిగినా ఆ ఇంటికి చేరడానికే ఆమె బయలుదేరేదని నాకు రెండో ఏడాదికే తెలుసు.

పోయిన చలికాలం దమ్మపేటకు చేరేసరికి మేము ఇల్లు వదిలి పదహారు రోజులు. నా పాదాలు వాచాయి, దగ్గు పట్టుకుంది, ఆఫీసు నుంచి ఫోన్లు. తెల్లవారితే భద్రాచలం బస్సు, ఆ మర్నాడు గూడెం. పొద్దున సంచులు సర్దుకుని అందరం నిలబడ్డాం. ఇంటాయన కళ్లు మూసుకోబోతూ ఆగి, ఎక్కడికని ప్రార్థన చెయ్యాలమ్మా అని అడిగాడు. మేనత్త కొంగు తల మీద కప్పుకుంటోంది.

"ఖమ్మం," అన్నాను నేను.

ఆమె తలెత్తి నా వైపు చూసింది. నేను కళ్లు మూసుకున్నాను. ఇంటాయన మమ్మల్ని ఖమ్మం దాకా క్షేమంగా చేర్చమని వేడుకున్నాడు. అందరికంటే ఆలస్యంగా, నెమ్మదిగా మేనత్త ఆమెన్ అంది. బస్సులో నాకు కిటికీ సీటు ఇచ్చి, "దగ్గు తగ్గినంక పోదాం లే" అంది. తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

నాలుగు నెలలకు ఆమె పోయింది.

భూస్థాపన అయిన వారానికి నేను లీవు పెట్టి ఒక్కదాన్నే బయలుదేరాను. ఖమ్మం నుంచి భద్రాచలం, అక్కడి నుంచి చర్ల బస్సు. నాలుగు కిలోమీటర్ల నడకలో మూడుసార్లు కూర్చున్నాను. ఎండ అప్పటికే ముదిరింది. గూడెం చేరేసరికి ముసలావిడ పందిరి కింద ఇప్పపూలు ఆరబెడుతోంది. నా వెనక ఎవరూ రావడం లేదని చూసి, చేతులు దులుపుకుని నిలబడిపోయింది. నేను చెప్పకముందే ఆమెకు అర్థమైంది. అయినా చెప్పాను.

ఆమె చెంబుతో నీళ్లిచ్చి, నాకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పింది. చలికాలంలో మేనత్త ఫోన్ చేసిందట. "మోకాళ్లు పట్టుకున్నయి, నేనే రాలేకపోతున్న, కోడలు పిల్ల పాపం పోదామనే అన్నది అని చెప్పింది" అంది.

అప్పుడిక నేను ఆగలేకపోయాను. అది అబద్ధమని, అలిసిపోయి ఖమ్మం పేరు చెప్పింది నేనేనని, ఆమె కాళ్లకు ఏమీ కాలేదని చెప్పాను. చెబుతూ ఆమె మొహం చూడలేకపోయాను.

"తెలుసు బిడ్డా," అంది. "పదకొండేండ్లు గామె ఎనక నడిసిన. గామె మోకాళ్లు నాకు తెల్వదా?"

ఆమె నా పాదాల వైపు చూసి, పందిరి కింద మంచం వాల్చి, పండుకోమంది. వద్దన్నాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. పరాయి ఇంట్లో నాకు అంత నిద్ర ఎన్నడూ పట్టలేదు.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పందిరి నీడ మంచం దాటి ఎటో జరిగిపోయింది. అయినా నా మొహం మీద ఎండ లేదు. ఒక పాత చీర కొస గుంజకు కట్టి ఉంది. రెండో కొస కట్టడానికి గుంజ లేక, ముసలావిడ తనే ఎండలో నిలబడి దాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని ఉంది. అటు తిరిగి ఏడుస్తోంది. చెయ్యి మాత్రం దించలేదు.