ఏడో నంబరు బస్సు ఎందుకు ఆలస్యం

బస్సులు డిపో నుంచి ఎన్నింటికి బయల్దేరాయో, ఎన్నింటికి తిరిగొచ్చాయో రాసుకోవడం ఆవిడ ఉద్యోగం. పాతికేళ్లుగా అదే పని చేస్తోంది కాబట్టి డిపోలో అందరికీ టైమక్క అయింది. ఏడో నంబరు బస్సు మాత్రం రోజూ పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చేది.

తప్పంతా డ్రైవరు నెత్తిన పడింది. వయసు మీదపడింది, నత్తనడక నడుపుతున్నాడని మేనేజరు తేల్చేశాడు. నెలాఖరుకల్లా వర్క్‌షాపుకు మార్చేస్తానన్నాడు. డ్రైవరు నోట్లో నాలుక లేని మనిషి, సరేనని వెళ్లిపోయాడు. టైమక్కకు మాత్రం మనసొప్పలేదు.

వారం సెలవు పెట్టి, నోటుపుస్తకం పట్టుకుని డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. సెలవు పెట్టి మరీ బస్సెక్కే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని మొగుడు నవ్వాడు.

మూడు రోజులు ఏమీ తేలలేదు. సిగ్నళ్ల దగ్గర పోయిన నిమిషాలు ఖాళీ రోడ్డు మీద కలిసొచ్చేవి. నాలుగో రోజు లెక్కలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆసుపత్రి స్టాపు పంటికింద రాయిలా తగిలింది. అక్కడ ఫుట్‌పాత్ కుంగిపోయి, బస్సు మెట్టు మోకాలెత్తున ఉండేది. కట్లు కట్టిన కాళ్లు, చేతికర్రలు, నిండు చూలాళ్లు. డ్రైవరు సీట్లోంచి లేచొచ్చి ఒక్కొక్కరికీ చెయ్యందించేవాడు.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా అన్నయ్యా?"

"ఎలా చెప్పనమ్మా? వీళ్లవల్లే లేటని తెలిస్తే, ఎక్కించుకోకుండా పొమ్మంటారేమో."

టైమక్క నోటుపుస్తకంలో ఆసుపత్రి స్టాపు కింద గీత గీసింది.

మర్నాడు మేనేజరును ఆ స్టాపుకు తీసుకెళ్లి, ఒక్కసారి ఎక్కి చూడమంది. బొజ్జతో ఆయన కాలెత్తాడు, అందలేదు. మళ్లీ ఎత్తాడు. ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసుకున్నాడు. లోపలినుంచి డ్రైవరు చెయ్యి అందించాడు. ఆయన పట్టుకుని ఎక్కాడు.

ఇరవై అడుగులు ముందుకెళ్తే ఫుట్‌పాత్ ఎత్తుగా, గట్టిగా ఉంది. పది రోజుల్లో స్టాపు స్తంభాన్ని పీకి అక్కడ పాతారు. పన్నెండు నిమిషాల ఆలస్యం మూడుకు దిగింది. వర్క్‌షాపు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కర్రలున్నవాళ్లు కనిపిస్తే డ్రైవరు ఇప్పటికీ సగం లేస్తాడు. వాళ్లు తామే ఎక్కేస్తుంటే మళ్లీ కూర్చుంటాడు.

తర్వాతి నెలలో మేనేజరే టైమక్కను పిలిచి, పద్నాలుగో నంబరు సంగతి కూడా చూడమన్నాడు. చూస్తానుగానీ, ఈసారి డ్యూటీ కింద రాయాలంది. ఆయన అప్పుడే రాసేశాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ కిటికీ పక్క సీటు చూసుకుని, పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది.