ఉప్పులోకి పోవాల్సిన కాళ్ళు

నా చిన్నప్పుడు, అరవైల తొలి ఏళ్ళలో, జపాన్ గురించి మొదట విన్నది మా మేనమామ నోటి నుంచే. ఆయన మద్రాసులో ఓడ ఎక్కిన కలాసీ. మేము కృష్ణపట్నం దగ్గర ఉప్పు మళ్ళ పక్కన ఉండేవాళ్ళం. నాన్న అప్పటికే లేడు. అమ్మ ఆ మళ్ళలో ఉప్పు లాగి నన్ను సాకేది. పొద్దస్తమానం ఉప్పునీళ్ళలో నిలబడి ఆమె అరికాళ్ళు ఎండిన రేగడిలా పగిలి ఉండేవి. ఆ పగుళ్ళలో మైనం కరిగించి నింపుకొని పనికి పోయేది.

ఒక ఎండాకాలం మామయ్య సెలవు మీద వచ్చాడు. జపాన్‌లో ఉత్తరాన ఏదో రేవులో ఓడ మరమ్మతుకు ఆగితే, తోటివాళ్ళతో రైలెక్కి కొండల్లోని ఒక ఊరికి పోయాడట. అక్కడ నేలలోంచి నీళ్ళు పొగలు కక్కుతూ ఉబికి వస్తాయట. ఆ ఊరివాళ్ళు కొయ్య బొమ్మలు చేస్తారు. గుండ్రటి తల, నిలువు ఒళ్ళు, చేతులూ కాళ్ళూ ఉండవు. నాకొకటి తెచ్చాడు కూడా. సాయంత్రం ఉలి కింద పెట్టి, ముసలీ ముతకా అందరూ వేడినీళ్ళలో మెడదాకా కూర్చుంటారని, చుట్టూ మంచు కురుస్తుంటుందని చెప్పాడు.

అమ్మ అంతా విని ఒకటే అడిగింది. "కూలికి పోయే ఆడోళ్ళు గూడా కూచుంటారా తమ్ముడా?"

"వాళ్ళ కోసమే గదక్కా ఆ నీళ్ళు! ఒళ్ళునొప్పులన్నీ ఆడనే వదిలేసి పోతారు."

అమ్మ తన కాళ్ళకేసి చూసుకుంది. మామయ్య ఆ చూపు తట్టుకోలేకపోయాడు.

మర్నాడు పక్కింటి కుడితి తొట్టి అడిగి తెచ్చి, పెరట్లో నీళ్ళు కాచి పోసి, అమ్మను పీట మీద కూర్చోబెట్టి కాళ్ళు అందులో పెట్టించాడు. "ఈ పొద్దు మనకిదే జపాన్" అన్నాడు. చల్లారినప్పుడల్లా వేడినీళ్ళు పోస్తూ, నానిన చర్మాన్నీ మైనాన్నీ ఇటుక ముక్కతో ఓపిగ్గా రుద్ది తీసేశాడు. అమ్మ కళ్ళు మూసుకొని నవ్వుతూ ఉండిపోయింది. ఆమె పాదాలకు అంత లేత రంగు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

తెల్లవారి ఆ కాళ్ళతోనే మడిలో దిగింది. మధ్యాహ్నానికి ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను భుజాలు పట్టి తీసుకొచ్చారు. ఏళ్ళ తరబడి గట్టిపడ్డ ఆ తోలే ఆమెకు చెప్పులని మాకెవరికీ తట్టలేదు. ఉప్పు నేరుగా పచ్చి మాంసంలోకి దిగింది. కాళ్ళు వాచి చీము పట్టాయి. అవి మానేలోపే ఉప్పు మళ్ళ మేస్త్రీ ఆమె మడిని మరొకరికి ఇచ్చేశాడు.

మామయ్య గడపలో నిలబడి ఏడ్చాడు. అమ్మ తిట్టలేదు.

"నువ్వు మళ్ళీ ఓడెక్కి పోతావు. నేను పోవాల్సింది ఉప్పులోకే గదరా. ఆ ఒక్క మాటా నువ్వు అడగలేదే" అంది.

ఆ తర్వాత ఆయన ఎన్నోసార్లు వచ్చాడు గానీ జపాన్ మాట ఎత్తలేదు. అమ్మ ఆ ఏడంతా కుంటుకుంటూ మనుబోలు వైపు పొలాలకు పోయి కలుపు కూలి వెతుక్కుంది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఎవరి కష్టమైనా చూసి సాయానికి పోయే ముందు, "రేపు నువ్వు యాడికి పోవాల?" అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. అయినా అడగందే చెయ్యి వెయ్యను.